నల్లతెర చల్లగుండ

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఈ ఊళ్లో ఉన్న కంప్యూటర్ మౌసులన్నీ ఒక గోనెసంచిలో వేసి, మూతి బిగించి, మూసీలో పారేస్తే తప్ప మనుషులు బాగుపడరు!

తొందరపడి కోప్పడకండి. మౌసు మీద పగేమీ లేదు. అది చూపించే బొమ్మ మీదే పగంతా. ప్రింటు వేసే ముందు తెరమీద బొమ్మ చూసుకోవాలనే ఆచారం ఎవరు పెట్టారో తెలియదు. ఎవరైనా సరే, ఒక్క పూట కూడా జిరాక్స్ దుకాణంలో కూచున్న మనిషి మాత్రం అయి ఉండడు.

నమ్మకం కుదరకపోతే దబీర్‌పురా స్టేషన్‌లో దిగి పెంటయ్య దుకాణం ఎక్కడని అడగండి. ముందు భాగంలో పాలూ పెరుగూ. అది ఆయన భార్య ఆండాలు రాజ్యం. వెనక భాగంలో జిరాక్సులూ ప్రింట్లూ. అది పెంటయ్య రాజ్యం. ఒకప్పుడు ఆ వెనక భాగంలో బర్రెలుండేవి. బర్రెలు ఊరి అవతలికి పోయాయి, ప్రింటర్ వచ్చింది. వాసన ఇంకా పూర్తిగా పోలేదని గిట్టనివాళ్లు అంటారు.

ఆ రాజ్యంలో ఒక ముసలి కంప్యూటర్ ఉంది. కొత్త విండోస్ ఎక్కించబోతే మొరాయించింది. పెంటయ్య కూతురు నందిని ఒక ఆఫీసులో కంప్యూటర్ల పనే చేస్తుంది. ఒక ఆదివారం కూచుని అందులో ఉన్నదంతా తుడిచేసి, వేరే ఏదో ఎక్కించింది. అప్పటినుంచి దాంట్లో బొమ్మల్లేవు. మౌసు తీసి మేకుకు తగిలించారు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మిణుకుమిణుకుమనే ఒక గీత. ప్రింటు కావాలంటే ఎల్, పీ అని రెండక్షరాలు కొట్టి, కాస్త జాగా వదిలి, ఫైలు పేరు కొట్టి, ఎంటర్ నొక్కాలి. అంతే సంగతులు.

మొదట్లో పెంటయ్య బెంబేలెత్తాడు.

“కండ్లకు గంతలు కట్టి పాలు పిండుమన్నట్టుంది బిడ్డా,” అన్నాడు.

“బర్రె పొదుగు చూసుకుంట పిండుతుంటివా బాపు? చేతితోనే గదా,” అంది నందిని.

పెంటయ్య ఆలోచించాడు. నిజమే. చేతికి తెలిస్తే చాలు, కంటితో పనేముంది?

ఇక అక్కణ్నుంచి చూడండి ఆ దుకాణం వైభోగం!

మౌసు కాలంలో ఎలా ఉండేది? పెంటయ్య వెనక ఒక బల్ల ఉంటుంది. దానిమీద కూచున్న ప్రతివాడూ కళాకారుడైపోయేవాడు. ఇల్లు అద్దెకిస్తామని కాగితం వేయించుకోవడానికొచ్చిన ఒక పెద్దమనిషి పగలంతా కూచుని, “భాయ్, థోడా లెఫ్ట్. అరే, జ్యాదా హోగయా. థోడా రైట్,” అంటూ అక్షరాలను పల్లకీ మోసినట్టు అటూ ఇటూ మోయించాడు. ఆయన కాగితం తీసుకుని ఇంటికి వెళ్లేసరికి ఆ ఇంట్లో అద్దెకు మనుషులు దిగిపోయి ఉన్నారట. పాస్‌పోర్టు ఫొటోకొచ్చిన కుర్రాడు బుగ్గలు కాస్త నింపమన్నాడు. వాళ్లమ్మ రంగు కాస్త తెలుపు చేయమంది. వాళ్ల నాన్న మీసం పెట్టమన్నాడు. చివరికి ఆ ఫొటో తీసుకుని వెళ్తే, ఈ మనిషి ఎవరని పాస్‌పోర్టు ఆఫీసువాళ్లు అడిగారు.

ఇప్పుడో? వచ్చినవాడు బల్లమీద కూచుంటాడు. మెడ చాస్తాడు. నల్లతెర.

“ఏం కనిపిస్తలేదేంది?”

“కనిపించది.”

“మరి ఎట్ల తెలుస్తది?”

“కాగితం వచ్చినంక తెలుస్తది.”

ఇంకేమంటాడు? నోరు మూసుకుని ఆండాలు దగ్గర మజ్జిగ తాగి కూచుంటాడు. అటు మజ్జిగ బేరమూ పెరిగింది. ఇన్ని లాభాలున్న అవిటితనం ఇంకెక్కడైనా ఉందా?

గౌరవం సంగతి చెప్పనే లేదు. నల్లతెర ముందు కూచున్నవాణ్ని చూస్తే జనానికి ఎందుకో భయం, భక్తి. కొందరు చెప్పులు బయట విడిచి వస్తున్నారు. ఒకామె తన బ్యాంకు ఖాతా సంగతి కాస్త చూడమంది. ఒకాయన చెవి దగ్గరికొచ్చి, కరెంటు మీటరు తిరగకుండా చేసే ఉపాయం ఏదైనా ఇందులో ఉందా అని అడిగాడు. పెంటయ్య లేదనలేదు, ఉందనలేదు. ఎంటర్ నొక్కాడు.

జ్ఞాపకశక్తి కూడా గొప్పదే దానికి. పైకి చూపే బాణం మీట నొక్కితే ఇందాక ఏం అడిగామో అదే మళ్లీ తెచ్చి ముందు పెడుతుంది. మన ఆఫీసులకు ఇంతకంటే పనికొచ్చే మీట ఉంటుందా? నిన్న ఇచ్చిన ఆధార్ నకలే ఇవాళ మళ్లీ అడుగుతారు. రేపు పక్క కిటికీవాడు అదే అడుగుతాడు. కంప్యూటర్లో ఉంది కదండీ అంటే, ఉంటే ఉంది, కాగితం కావాలి అంటాడు. పెంటయ్య బాణం నొక్కుతాడు, ఎంటర్ నొక్కుతాడు. దేశం ముందుకు సాగుతుంది.

అన్నిటికంటే పెద్ద గుణం, అది మాట్లాడదు. పని అయితే ఒక్క ముక్క చెబుతుంది. కాకపోతే ఒక్క ముక్క చెబుతుంది. సలహాలివ్వదు, అలగదు. ‘నన్ను ముందు అడగలేదేం’ అనదు.

అలాంటివాడు మన చుట్టాల్లో ఒక్కడున్నాడా చెప్పండి?

సరిగ్గా చుట్టాల దగ్గరే ఈ నల్లతెర మహిమ లోకానికి వెల్లడైంది.

నందినికి పెళ్లి కుదిరింది. పిల్లవాడి పేరు సంకేత్. జల్‌పల్లి కొత్త కాలనీలో ఇల్లు. ఇద్దరూ ఒకరికొకరు నచ్చారు. ఇరువైపులా ఏ పేచీ లేదు. పేచీ లేకుండా పెళ్లి జరగడం మర్యాద కాదు కనుక కార్డు అచ్చు వేయించాలనుకున్నారు.

కార్డు తయారుచేసేవాడు కార్వాన్‌లో ఉండే డానియేలు. మంచి పనివాడు. ఒక్కటే లోపం, ఎవరికీ కాదని చెప్పడం రాదు. ఆయన చేసిన మొదటి కార్డు ముచ్చటగా ఉంది. పైన గణపతి, గణపతి కింద రెండు వరుసల్లో పెద్దల పేర్లు. నడుమ నిండైన అక్షరాల్లో నందిని, సంకేత్. వాటి కింద ముహూర్తం, పందిరి ఎక్కడో.

అది పెద్దబావ చూశాడు. పెద్దబావ అంటే పెంటయ్య అక్క భర్త. వెంటనే ఫోన్ చేశాడు.

“పెంటయ్యా, నా పేరు మొదలుంటేనే మేం వస్తం. లేకుంటే మీ అక్క రాదు.”

పెంటయ్య చేస్తున్న జిరాక్సు వదిలేశాడు. ఎందుకంటే బావ ఉత్తమాట అనే రకం కాదు. ఇదివరకు ఒక పెళ్లిలో తన పేరు మూడో వరుసలో పడిందని, పందిట్లో మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ అక్కనూ వెంటబెట్టుకెళ్లాడు. ఆ అక్కేమో, తల్లి పోయాక పెంటయ్యను చంకనేసుకుని పెంచిన మనిషి. పైగా ఆ ఇంట్లో మేనత్త చేయి పడందే పెళ్లిపసుపు దంచరు. అక్క రాకపోతే పసుపు లేదు. పసుపు లేకపోతే పెళ్లిపని మొదలుకాదు. అక్క రాని పెళ్లి పెంటయ్య ఊహకు కూడా అందదు.

బావ పేరు పైకి ఎక్కించమని డానియేలుకు చెప్పాడు. ఎక్కింది. అది బామ్మర్ది చూశాడు. బామ్మర్ది అంటే ఆండాలు తమ్ముడు, పిల్లకు మేనమామ. పెళ్లిపీటల దగ్గరికి పిల్లను గంపలో కూచోబెట్టి ఎత్తుకొచ్చేది ఆయనే.

“గంప ఎత్తేది నేను బావా. ఎత్తేటోని పేరు కింద, ఉత్తగ కూసునేటోని పేరు మీదనా? ఏంది గిది?” అన్నాడు.

ఇది కూడా న్యాయంగానే ఉంది. నడుము ఆయనది కదా నొప్పి పుట్టేది!

అక్కణ్నుంచి పెంటయ్యతో పని లేకుండా ఎవరికి వారే డానియేలుకు ఫోన్లు చేసుకున్నారు. పిల్లవాడి బాబాయి చేశాడు. కాలనీ ప్రెసిడెంటు చేశాడు. పెంటయ్యకు దాణా అమ్మినాయన, బర్రెలు పోయి ఇన్నేళ్లయినా, పాత స్నేహం గుర్తుచేశాడు. సౌండ్ బాక్సులు పెట్టేవాడు కూడా, ఎందుకైనా మంచిదని, తన పేరు చెప్పి ఉంచాడు. డానియేలు ఎవరినీ కాదనలేదు. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు చేశాడు. ఎవరి కార్డులో వారి పేరు మొదట. మిగతావాళ్లంతా కింద.

ఫైళ్లన్నీ వచ్చి పెంటయ్య కంప్యూటర్లో కూచున్నాయి. నందిని ఫైనల్. నందిని కొత్త ఫైనల్. నందిని పక్కా ఫైనల్. నందిని ఇదే ఫైనల్. దేన్ని వేయాలి? ఏది వేసినా ఒక ఇల్లు అలుగుతుంది. శుక్రవారం మొదటి కార్డు అమ్మవారి ముందు పెట్టాలి. గురువారం మధ్యాహ్నమే ప్రూఫు చూస్తామంటూ బావ ఒక గుమ్మంలోంచి, బామ్మర్ది ఇంకో గుమ్మంలోంచి వచ్చారు. ఒకే బల్లమీద చెరో చివర కూచున్నారు. నడుమ పెరుగు డబ్బా పెట్టుకున్నారు.

“ఏది, చూపియ్యి,” అన్నాడు బావ.

“కనిపించది బావా.”

“కనిపించకుంటే ఎట్ల వేస్తవు?”

“అది లోపల్నే చూసుకుంటది.”

బామ్మర్ది మెడ చాచాడు. నల్లతెర. మిణుకుమనే గీత.

“నా పేరు ఎక్కడుంది?”

“లోపల ఉంది.”

“ఆయన పేరు?”

“అదీ లోపల్నే ఉంది.”

“మీదనా, కిందనా?”

పెంటయ్య తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. అప్పుడు ఆయనకు ఒక మీట గుర్తొచ్చింది. నక్షత్రంలాంటి గుర్తు. పేరులో మొదటి ముక్క కొట్టి దాని పక్కన ఆ చుక్క పెడితే, ఆ పేరుతో మొదలయ్యే ఫైళ్లన్నీ కట్టగట్టుకుని ప్రింటర్‌కు పోతాయి. దాని జోలికి మాత్రం పోవద్దు బాపు, కాగితాలు ఆగమైతయి అని నందిని చెప్పింది కూడా. కానీ ఇంతకంటే మంచి సమయం ఎప్పుడొస్తుంది? ఒక్కటి ఎంచితే తగాదా. అన్నీ వేస్తే ఎంచినట్టే కాదు.

ఎల్, పీ. జాగా. నందిని. చుక్క. ఎంటర్!

ప్రింటర్ గురగురలాడింది. కట్టలకు సరిపడా వచ్చేదాకా బాణం, ఎంటర్, మళ్లీ బాణం, ఎంటర్. దాని నోట్లోంచి కార్డులు రావడం మొదలైంది. పెంటయ్య ఒంటి చేత్తో అందుకుంటూ ఎవరి కట్ట వారికి వేరుచేసి, పాత పేపర్లో చుట్టి చేతిలో పెట్టాడు. బావ తన కట్ట విప్పి పై కార్డు చూశాడు. తన పేరు మొదట, గణపతికి తొండమంత దూరంలో. బామ్మర్ది ఇంకోవైపు తిరిగి తన కట్ట విప్పాడు. తన పేరు మొదట.

“మస్తు కుదిరింది కార్డు,” అన్నాడు బావ.

“కార్డంటే గిట్లుండాలె,” అన్నాడు బామ్మర్ది.

ఒకరి కార్డు ఒకరు చూడలేదు. చూడాలని ఇద్దరికీ తోచలేదు. చెరో స్కూటర్ మీద, ఎవరి బలగానికి వారు పంచుకోవడానికి వెళ్లిపోయారు. మిగతావాళ్లూ సాయంత్రంలోపు వచ్చి తమ తమ కట్టలు తీసుకుపోయారు.

చూశారా? ఎంతమంది పెద్దమనుషులు కూచున్నా తెగని తగాదా ఒక్క చుక్కతో తెగింది. పెంటయ్య కాళ్లు చాపుకుని మజ్జిగ తెప్పించుకున్నాడు. మేకుకు వేలాడుతున్న మౌసును చూసి జాలిపడ్డాడు.

మజ్జిగ గ్లాసు పెట్టడానికొచ్చిన ఆండాలు ఒక కార్డు చేతిలోకి తీసుకుంది. పైనుంచి కిందికి చూసింది. తిప్పి వెనక చూసింది.

“ఏమయ్యా, పిల్ల పేరేది?”

పెంటయ్య లాక్కుని చూశాడు. ఇంకో కార్డు తీశాడు. ఇంకోటి తీశాడు. గణపతి ఉన్నాడు. బావ ఉన్నాడు, బామ్మర్ది ఉన్నాడు, దాణా ఆయన ఉన్నాడు, సౌండ్ బాక్సులవాడున్నాడు. నందిని లేదు. సంకేత్ లేడు. ముహూర్తం లేదు, పందిరి లేదు.

డానియేలుకు ఫోన్ చేశాడు.

“పేర్లు పెరిగినకొద్ది కిందివన్నీ కిందికి జరిపిన అన్నా,” అన్నాడు డానియేలు. “జాగా ఏడున్నది? ఆఖరుకు అంచుల మీదికి పోయినై. అంచుదాక మీ ప్రింటర్ చెయ్యి పోదు. మీరు తెరమీద చూసుకుంటరనుకున్న.”

“మా తెరమీద ఏం కనిపించది డానియేలూ.”

“మరి కాగితం మీద?”

పెంటయ్య ఫోన్ పెట్టేశాడు. కాగితం ఆయన చేతులమీదుగానే పోయింది. ప్రతి కట్టా చూసే ఇచ్చాడు. బావ కార్డులో బావ పేరు చూశాడు. బామ్మర్ది కార్డులో బామ్మర్ది పేరు చూశాడు. కన్నకూతురి పేరు చూడలేదు.

సాయంత్రం బండి దిగి నందిని వచ్చింది. పెంటయ్య కార్డు ఆమె చేతికిచ్చి, ప్రింటర్ వెనక తీగలేవో సర్దుతున్నట్టు వంగాడు.

“బాపు,” అంది నందిని. “నా పెండ్లికి నన్నే పిలుస్తలేరేంది?”

పెంటయ్య లేవలేదు. “తప్పయింది బిడ్డా. అత్త రాదేమోనని ఫికర్ల పడి నిన్ను మరిచిన.”

ఏడుస్తుందేమో అనుకున్నాడు. నవ్వుతోంది. నవ్వి నవ్వి బల్లమీద కూచుంది. ఫోన్ తీసి నాలుగు వరుసలు రాసింది. రాసింది కంప్యూటర్లోకి పంపింది. నల్లతెరకు తెలుగు రాదు కనుక అక్కడ అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వరుసగా కనిపించాయి. ఎల్, పీ, జాగా, ఫైలు పేరు. ఆ ఫైలు పేరులో ఫైనల్ లేదు. పెళ్లి అని ఉంది, అంతే.

కాగితం మీద అక్షరాలు చక్కగానే దిగాయి. గణపతి లేడు, పూలతీగ లేదు. “నందినికీ సంకేత్‌కూ పెళ్లి. వచ్చే ఆదివారం పొద్దున. మా పాలదుకాణం వెనక సందులో పందిరి. ఆకలితో రండి.”

తెల్లారి ఆండాలు ప్రతి పాల ప్యాకెట్‌తో ఒక చీటీ ఇచ్చింది. పెంటయ్య ఒక చీటీ అమ్మవారి ముందు పెట్టి, నందినిని వెంటబెట్టుకుని అక్క ఇంటికి వెళ్లాడు. వెళ్లేసరికి బావ గోడవైపు తిరిగి కూచుని ఉన్నాడు. బామ్మర్ది కార్డు ఎవరో తెచ్చి చూపించారట. అందులో బావ కింద ఉన్నాడు.

“మీ అక్క రాదు,” అన్నాడు గోడతో.

నందిని వెళ్లి బావ చేతిలో చీటీ పెట్టింది. బావ చదివాడు. మళ్లీ చదివాడు.

“ఇందుల నా పేరేది?”

“లేదు మామా.”

“మీ మేనమామది?”

“ఆయనది గూడ లేదు.”

“వానిది లేదా?”

“ఎవ్వరిది లేదు.”

బావ చీటీని తిప్పి వెనకవైపు కూడా చూశాడు, అక్కడేమైనా దాక్కుందేమోనని. లేదు. ముఖం విప్పారింది.

“వానిది లేకుంటే సరే,” అన్నాడు.

ఆ మాట అనేసరికే అక్క కొంగు బిగించి, చెప్పులేసుకుని గడప దిగింది. “నా పేరు ఏ కార్డుల వేసిండ్రు? నేనడిగిన్నా?” అని భర్తను ఒక్క మాట అడిగి, జవాబు కోసం ఆగకుండా తమ్ముడి చేయి పట్టుకుంది. “నడువ్‌రా పెంటిగా, పసుపు దంచాలె.”

పసుపు దంచింది. పెళ్లి జరిగింది. బామ్మర్ది గంప ఎత్తాడు, నడుము పట్టుకున్నాడు. జనం చీటీలో రాసినట్టే ఆకలితో వచ్చారు.

ఇప్పుడు మౌసుల సంగతి. మూసీలో పారేయమన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. పాపం, దాని తప్పేమీ లేదు. తెర చూపించినా చూపించకపోయినా పెద్ద తేడా రాదని పెంటయ్య కట్టలు పంచి రుజువు చేశాడు. పట్టపగలు, వెలుతురులో, చేతిలో పట్టుకుని చదివారు అంతమంది. పంచుకున్న ఇళ్లలో చదివినవాళ్లు ఇంకెందరో. నా పేరు రెండో వరుసలో ఎందుకుందని అడిగినవాళ్లున్నారు. ఫలానావాడి పేరు లావు అక్షరాల్లో ఎందుకుందని అడిగినవాళ్లున్నారు. పెళ్లి ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

పెళ్లయిన మర్నాడు పెంటయ్య మిగిలిన కార్డులన్నీ పోగేసి పొయ్యిలో పెట్టబోయాడు. బామ్మర్ది ఒక చేత్తో నడుము పట్టుకునే ఉరికొచ్చి ఆపాడు.

“పారెయ్యకు బావా. పిల్ల పేరు లేదు, పిలగాని పేరు లేదు, తారీఖు లేదు. మా ఇంట్ల పెండ్లికి గివే పనికొస్తయి. నా పేరెట్లనో మొదల్నే ఉండె గద.”